నూకరత్నం మొదటి రేకు

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో నూకరత్నం అని పూతరేకులు చేసే ఆవిడ ఉండేదిట తల్లీ. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డతో ఇలా పూత వేసేదిట. చటుక్కున రేకు లేచొచ్చేది.

రోజూ మొదటి రేకు మాత్రం అమ్మకానికి వెయ్యరు. దారినపోయే పిల్లని పిలిచి నోట్లో పెడతారు. అది ఆ ఊరి ఆనవాయితీ. ఆ పిల్ల నవ్వితేనే నూకరత్నానికి పొద్దు పొడిచినట్టు.

ఆవిడ పనిచేసేది షావుకారు గవర్రాజు కొట్లో. ఒకనాడు ఆయన జీతం పెంచాడు. ఆవిడ పొంగిపోయి కూతురికి పట్టు పరికిణీ కొంది. అప్పుడు ఆయనేం చేశాడూ? అక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా కబుర్లాడుకుంటూ గుండ్రంగా పెట్టుకున్న పొయ్యిల్ని విడదీసి, గోడవైపు తిప్పించేశాడు. పరికిణీ మాయకముందే ఆ సంబరం కాస్తా తీరిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ పెంచాడు. ఈసారి మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం మాన్పించేశాడు. మంట ముందు మాడే మనిషికి ఆ కాస్త సుఖం కూడా దక్కనివ్వడా! నాకైతే ఒళ్ళు మండిపోతుందమ్మా.

ఆ తర్వాత మూడోసారీ పెంచాడు. "ఇకమీదట మొదటి రేకు పిల్లలకి పెట్టకు. అదీ అమ్ముదాం" అన్నాడు. అప్పటికే గుమ్మంలో ఒక చిన్నపిల్ల నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

నూకరత్నం ఆయన కళ్ళ ముందే రేకు ఆ పిల్ల నోట్లో పెట్టింది. పొయ్యి ఆర్పేసింది. తన కుండ చల్లారాక చంకనెత్తుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మిగతా ఆడవాళ్ళూ లేచారు.

మర్నాడు గవర్రాజు రొప్పుకుంటూ వచ్చాడు. నూకరత్నం వాకిట్లో ఆ ఆడవాళ్ళు కొత్తగా వేసుకున్న పొయ్యిలన్నీ గుండ్రంగా ఉన్నాయి.

"ఇంకా ఎంత పెంచమంటావు?" అన్నాడు.

"పెంచినప్పుడల్లా సంతోషించానండి, కాదనను. కానీ పెంచిన ప్రతిసారీ నా దగ్గర ఒకటి లాక్కున్నారు. అది జీతం పెంచడం కాదండి, నా సంతోషాన్ని కొనుక్కోవడం. నేనది అమ్ముతానని మీతో ఎప్పుడన్నానండీ?"

నూకరత్నం కుండ మీద పూత వేసి, ఆ రోజు మొదటి రేకు తీసి, పిల్లల్ని కేకేసింది.

కుండేమో పొయ్యికి, రేకేమో పాపాయికి,
కథేమో కంచికి, కునుకేమో మా చంటికి!