నీటికాకి, వెచ్చని పుట్ట

ఒకప్పుడు పక్షుల ఈకలు ఒంటికి అతుక్కుని ఉండేవి కావు. మనం చొక్కా తొడుక్కున్నట్టు పొద్దున్నే తొడుక్కునేవి, తడిస్తే విప్పి ఆరేసుకునేవి. ఆ రోజుల్లో కొల్లేటి ఒడ్డున కిక్కిస గడ్డి మీద ఎక్కడ చూసినా ఈకల చొక్కాలే. తెల్లవి కొంగలవి, నీలివి లకుముకి పిట్టలవి, నల్లవి నీటికాకులవి.

అన్నిటిలోకీ ఎక్కువ తడిసేది నీటికాకి చొక్కాయే. నాంచారు అనే నీటికాకి సరస్సు మధ్య తుమ్మచెట్టు మీద గూడు కట్టుకుని ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటోంది. కొంగల్లా ఒడ్డున నిలబడి చేపలు ఏరుకునే పని కాదు తనది. బుడుంగున మునిగి, అడుగుదాకా తరిమి పట్టుకోవాలి. పది మునకలు వేసేసరికి చొక్కా నీళ్ళు పీల్చుకుని రాయిలా బరువెక్కేది. ఆ బరువుతో గూటికి ఎగరడమే గండం.

ఎండాకాలంలో బాధ లేదు. సూర్యుడు గంటలో ఆరబెట్టి ఇచ్చేవాడు. కాకపోతే ఆయన చెయ్యి కాస్త మొరటు. నల్లని చొక్కా నాలుగు రోజులకే ఎర్రబారిపోయేది, ఈకల అంచులు పెళుసెక్కేవి. గాలి కూడా సాయం పట్టేది గానీ, ఏమరుపాటుగా ఉంటే చొక్కాను ఎత్తుకుపోయి పక్క లంకలో పడేసేది. అడిగితే, సరదాగా తీసుకెళ్ళానని చెప్పేది.

అసలు కష్టం శ్రావణంలో మొదలయ్యేది. సూర్యుడు మబ్బుల దుప్పటి కప్పుకున్నాడంటే వారం రోజులు ముఖం చూపించడు. ఆ ఏడు ముసురు ఎంతకీ విడవలేదు. తడిచొక్కాతో నాంచారు ఒక్క మునక వేస్తే రెండోది వేయలేకపోయింది. రెండు రోజులు పిల్లలకి సరిగ్గా తిండి లేదు. ఆఖరిదానికి నోరు తెరిచి అరిచే ఓపిక కూడా లేకపోయింది.

సరిగ్గా అప్పుడే గోరింక పానకాలు వచ్చి వాలాడు.

పానకాలు మాటకారి. కొల్లేరు చుట్టూ తిరిగి, తడిచొక్కాలు ఆరబెట్టే వెచ్చని పుట్టలు అమ్మిపెడుతుంటాడు. కట్టేది చెదపురుగులు, చెప్పేది ఇతను. ఎదటివాళ్ళ కష్టం సగం వినగానే మిగతా సగం తనే చెప్పేస్తాడు. నాంచారు కష్టం కూడా అలాగే చెప్పేశాడు.

పుట్ట సంగతి అతను వివరించిన తీరు ఇదీ. పుట్ట కడుపులో ఒక వెచ్చని ఊపిరి ఉంటుంది. అది చొక్కా చుట్టూ తిరిగి తడినంతా తాగుతుంది. తర్వాత కింద చల్లని గదిలోకి దిగి, తాగిన నీటిని అక్కడున్న కుండలో వదిలేస్తుంది. మళ్ళీ వేడెక్కి పైకి వస్తుంది. అదే ఊపిరి, అదే వేడి, తిరిగి తిరిగి పనిచేస్తుంది. రోజుకి గుప్పెడు ఆకులు మేతేస్తే చాలు. అదే, ఊరకాకి తన చెట్టుతొర్రలో పెట్టుకున్నలాంటి కుంపటి అయితే బుట్టలకొద్దీ పుల్లలు మింగి, ఉన్న వేడంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి దానం చేస్తుంది. చొక్కా తొందరగానే ఆరుతుంది కానీ కమురు వాసన వదలదు.

ఖరీదు ఎంత అని నాంచారు అడిగింది. ఇరవై కొరమీనులు అన్నాడు పానకాలు. ఆమె నోరు తెరిచింది. కుంపటి ఐదుకే వస్తుంది కదా అంది.

పానకాలు చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. ఖరీదు కొనేటప్పుడు కాదట, పదేళ్ళ తర్వాత చూడాలట. మిగిలిన పుల్లలన్నీ లెక్కేస్తే పుట్ట ఊరికే వచ్చినట్టట. పదేళ్ళు పుట్ట ఉంటుందా, తను ఉంటుందా అని నాంచారుకి అడగాలనిపించింది. కానీ గూట్లోంచి ఆఖరి పిల్ల సన్నగా మూలిగింది. ఆ మూలుగుతో బేరం కుదిరిపోయింది. చేపలు దొరికినప్పుడల్లా నాలుగేసి ఇస్తానని ఆమె ఒప్పుకుంది. చెదపురుగులు వచ్చి ఎదురు లంక మీద మూడు రోజుల్లో పుట్ట లేపేశాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి, మొదట్లో పుట్ట బాగానే పనిచేసింది. బయట కుండపోతగా వాన కురుస్తున్నా లోపలినుంచి చొక్కా పొడిగా, మెత్తగా, గోరువెచ్చగా వచ్చింది. ఒక్క ఈక అంచు కూడా పెళుసెక్కలేదు. నల్లరంగు నిగనిగలాడింది. నాంచారు రోజుకి ఇరవై మునకలు వేసింది. పిల్లల పొట్టలు నిండాయి. ఆఖరిది గూడు అంచు మీద నిలబడి అరవడం మొదలుపెట్టింది.

దాంతో నాంచారుకి కొంచెం గర్వం కూడా వచ్చింది. దారిన పోయే బాతును ఆపి, నువ్వింకా గడ్డి మీదే ఆరేస్తున్నావా పాపం, అని పరామర్శించేది.

కానీ చొక్కా లోపల వేశాక పూటంతా ఆగాలి. సూర్యుడు గంటలో చేసే పనికి పుట్టకి నాలుగు గంటలు. అంతసేపూ నాంచారు ఒట్టి ఒంటితో తామరాకు కప్పుకుని పుట్ట పక్కన కూర్చోవాలి. ఒట్టి ఒంటితో ఈదొచ్చు గానీ ఎగరడం కుదరదు. పుట్టేమో గుయ్యిమని ఒకటే రొద. పక్కన కూర్చుంటే తల దిమ్మెక్కేది.

సేవలు కూడా చేయాల్సి వచ్చేది. ఆరినప్పుడల్లా చొక్కా నుంచి రాలిన నూగు పుట్ట ముక్కుకి అడ్డం పడుతుంది. దాన్ని ప్రతిసారీ ముక్కుతో పొడిచి తీయాలి. ఒకసారి మరిచిపోతే పుట్టకి ఊపిరాడక మూర్ఛ వచ్చినంత పనైంది. కింది కుండలోని నీళ్ళు కూడా ఎప్పటికప్పుడు పారబోయాలి. కుండ నిండిందా, చొక్కా సగం తడిగా ఉన్నా సరే, పుట్ట అలిగి కూర్చుంటుంది. నాలుగువైపులా నీళ్ళున్న కొల్లేట్లో కూర్చుని, కుండతో నీళ్ళు మోసి కొల్లేట్లోనే పోస్తున్నాను కదా అని నాంచారుకి ఒకరోజు నవ్వొచ్చింది. ఆ నవ్వులో సంతోషం లేదు.

తనకంటే ముందే పుట్ట కొనుక్కున్న శేషారత్నం దగ్గరికి వెళ్ళి సలహా అడిగింది. శేషారత్నం తెల్లకొంగ. చొక్కా మీద చిన్న మరక కూడా పడనివ్వదు. తన చొక్కా పుట్టలో ఆరుతోందని చెప్పి, ఆమె తామరాకు కప్పుకుని కూర్చుంది. మెడ వంచి, ఓపిక లేనివాళ్ళకి మంచి వస్తువులు అచ్చిరావు వదినా అంది. ఆలస్యం కూడా మంచిదేనట, ఆ పూటంతా మనసు ప్రశాంతంగా ఉంటుందట. నాంచారు తలూపి వెనక్కి తిరిగింది. కిక్కిస దుబ్బుల వెనకనుంచి వస్తుంటే అక్కడ ఒక తెల్లచొక్కా ఎవరికీ కనబడకుండా ఎండకి ఆరేసి ఉంది. అది శేషారత్నందే.

పుష్యమాసం వచ్చింది. కొల్లేటి మీద మంచు తెరలు తెరలుగా దిగింది. అప్పుడు పుట్ట అసలు రంగు బయటపడింది. బయట చలి పెరిగేకొద్దీ దాని ఊపిరి చల్లబడిపోయింది. పొద్దున వేసిన చొక్కా సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంది. నాంచారు పానకాలుకి కబురు పెట్టింది. వారానికి గానీ అతను రాలేదు.

అతను పుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత, "తప్పు పుట్టది కాదక్కయ్యా. దీన్ని వెచ్చని చోట పెట్టుకోవాలి" అన్నాడు.

నాంచారు తామరాకు దగ్గరికి లాక్కుంది. "వెచ్చని చోటే నాకుంటే, పుట్ట ఎందుకు పానకాలూ?" అంది.

పానకాలు వెంటనే మాట మార్చాడు. ఇంతకంటే పెద్ద పుట్ట ఒకటి కొత్తగా వచ్చిందట, అది చలికి కూడా జంకదట, పాతది ఇచ్చేస్తే ఖరీదులో కొంచెం తగ్గిస్తారట. నాంచారు ముఖం చూసి మిగతాది మింగేసి ఎగిరిపోయాడు.

తర్వాత రెండు రోజులకి జరిగింది ఇది. మంచు పలచబడని పొద్దున నాంచారు చొక్కాను పుట్టలో వేసి పక్కన కూర్చుంది. గుయ్యిమనే రొదలో మొదట ఆమెకి వినబడలేదు. రొద ఒక్క క్షణం ఆగినప్పుడు వినబడింది. తుమ్మచెట్టు మీద ముగ్గురు పిల్లలూ కలిసి అరుస్తున్నారు. అది ఆకలి అరుపు కాదు.

తలెత్తి చూసింది. గూటికి పైన ఒక గద్ద చుట్టు తిరుగుతోంది. ఒక్కో చుట్టుకీ కిందికి దిగుతోంది.

ఒట్టి ఒంటితో అక్కడికి ఎగరడం కుదరదు. నాంచారు పుట్ట తలుపు దగ్గరికి పరుగెత్తి చొక్కా ఇమ్మంది. లోపలే ఉండి పుట్టని నడిపే చెదల మేస్త్రి కన్నంలోంచి తల బయటపెట్టాడు. పని మధ్యలో తలుపు తీయకూడదని కట్టుబాటు ఉందన్నాడు. తీస్తే కూడబెట్టిన వెచ్చదనమంతా వృథా అయిపోతుందట. ఇంకో రెండు గంటలు ఓపిక పడితే అదే తెరుచుకుంటుందట.

నాంచారు ఒక అడుగు వెనక్కి వేసింది. కొక్కెంలాంటి ముక్కుతో పుట్ట పొట్టలో ఒక్క పోటు పొడిచింది. మట్టి పెళ్ళలు విరిగిపడ్డాయి, వెచ్చని ఆవిరి భుస్సుమంది, మేస్త్రి కట్టుబాట్లతో సహా దొర్లిపోయాడు. చొక్కా లాగి తొడుక్కుంది. అది ఇంకా సగం తడిగా ఉంది. భుజాల మీద చలి ముళ్ళలా దిగింది. నీటిని కాళ్ళతో తన్నుకుంటూ, పడుతూ లేస్తూ, ఎలాగో పైకి లేచింది. ఎలా లేచిందో తర్వాత ఆమెకే గుర్తు లేదు.

గద్ద గోళ్ళు చాచేసరికి ఆమె గూటి మీద ఉంది. రెండు రెక్కలూ బార్లా చాపి, పిల్లల మీద కప్పులా నిలబడింది. నల్లగా, వెడల్పుగా, నీళ్ళు కారుతున్న ఆ ఆకారాన్ని చూసి గద్ద వెనక్కి తగ్గింది. కానీ వెళ్ళిపోలేదు. ఎదురుగా ఎండిన మోడు మీద వాలి చూస్తూ కూర్చుంది.

నాంచారు రెక్కలు దించలేదు. దించితే అది వస్తుంది. రెక్కలు లాగుతున్నాయి. గద్ద కదిలిన వైపల్లా మెడ తిప్పి చూస్తూ అలాగే నిలబడింది. పిల్లలు ఆమె పొట్ట కింద ముద్దగా నక్కి ఉన్నారు.

పొద్దెక్కింది. మంచు విడిపోయింది. సూర్యుడు బయటకొచ్చి ఆ చాపిన రెక్కల్ని చూశాడు. ఎవరూ తనని పిలవలేదు, అయినా వచ్చి వాటి మీద పడ్డాడు. పుష్యమాసపు ఎండ, ఏ ఈకనీ కాల్చేంత వేడి లేదు. గాలి కూడా చెట్ల మీదినుంచి వచ్చింది. ఈసారి చొక్కాను ఎత్తుకుపోదామన్నా కుదరలేదు, అందులో నాంచారు ఉంది. రెక్కల సందుల్లోంచి మెల్లగా దూరిపోయింది.

ఎంతసేపటికో గద్ద విసుగెత్తి వేరే ఊరు వెతుక్కుంది.

"ఇంక దించవే నాంచారూ, అది పోయింది" అంది గాలి.

నాంచారు రెక్కలు దించి, ముక్కుతో ఒక ఈకను తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. రెండోది చూసింది. అదీ పొడిగానే ఉంది. చొక్కా మొత్తం ఒంటి మీదే ఆరిపోయింది. ఆమె ఏడవాలో నవ్వాలో తెలియక పిల్లలకి చేపలు పట్టడానికి పోయింది.

ఆ తర్వాత ఆమె చొక్కాను ఒంటికి కుట్టేసుకుంది, మళ్ళీ విప్పలేదు. విరిగిన పుట్ట బాగు చేసుకోమని పానకాలు చెప్పి పంపితే, ఆ మట్టిలో చెదలే కాపురం ఉండొచ్చని తిరిగి కబురు పెట్టింది. గద్ద సంగతి విన్న పక్షులన్నీ తమ చొక్కాలు కూడా ఒంటికి కుట్టేసుకున్నాయి. శేషారత్నం అందరికంటే ముందు కుట్టుకుని, ఈ ఆలోచన మొదట తనకే వచ్చిందని చెప్పుకుంది.

అప్పటినుంచే నీటికాకి మునిగి లేచిన ప్రతిసారీ ఏ మోడు మీదో, ఏ బండ మీదో నిలబడి, రెండు రెక్కలూ బార్లా చాపి, మెడ అటూ ఇటూ తిప్పుతూ ఆరుతుంది. మబ్బు రోజున పూటంతా పట్టినా సరే, అలాగే నిలబడుతుంది. చొక్కా మాత్రం విప్పదు.