గేటు లోపలి పిలుపు

"అమ్మా, నాకప్పగించిన పని ఒక్క పూట కూడా ఎగ్గొట్టలేదు. అయినా కొన్నాళ్ళుగా ముద్ద గొంతు దిగటం లేదు. నియమం తప్పనివాడికి ఈ బాధ ఎందుకంటారు?" అని మాలకొండయ్య తన గురువైన చెంచమ్మగారిని అడిగాడు.

చెంచమ్మగారు కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు. ఎవరేమి అడిగినా చేతిలో పని ఆపకుండా వినేవారు. విన్నది చాలాసార్లు మనసులోనే ఉంచుకునేవారు. ఆరోజు మాత్రం, "ఏ పని సంగతి నాయనా?" అన్నారు. "పిలుపు సంగతేనమ్మా" అన్నాడు మాలకొండయ్య. ఆమె ఇంకో రెండు గింజలు తీసి పక్కన వేసి, "పొద్దు వాలింది. రేపు అన్నం వేళకు చూద్దాం" అన్నారు.

ఆ పిలుపంటే ఏమిటో చెప్పాలి. పెద్ద రోడ్డు పక్కనే వాళ్ళ ఆశ్రమం. ఆశ్రమమంటే గోపురాలూ గంటలూ ఏమీ లేవు. రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి చావడి, వంటిల్లు, నాలుగు గదులు, చుట్టూ ప్రహరీ, ముందు ఇనుప గేటు, అంతే. చెంచమ్మగారి గురువు పోతూ పోతూ ఆమెకు మంత్రమేదీ చెప్పలేదు. ఒకే ఒక్క మాట చెప్పారు. మధ్యాహ్నం ఆకులు వేశాక, వడ్డించబోయే ముందు, ఒకరు రోడ్డు మీదికి వెళ్ళి మూడుసార్లు పిలవాలి: "ఆకలిగొన్నవారెవరైనా ఉన్నారా? అన్నం సిద్ధంగా ఉంది, రండి!" ఆ పిలుపు అయ్యేదాకా లోపల ఎవరి ఆకులోనూ మెతుకు పడదు. లారీలవాళ్ళు వచ్చేవారు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు వచ్చేవారు, ఒక్కోనాడు ఎవరూ వచ్చేవారు కాదు. వచ్చినా రాకపోయినా పిలుపు మాత్రం పిలుపే.

మాలకొండయ్య వచ్చాక ఆ పని ఆయనకే దక్కింది. దక్కదా మరి! ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. బస్టాండులో నిలబడి "కందుకూరు, కందుకూరు" అని కేక వేస్తే, ఎదుటి హోటల్లో దోసె తింటున్నవాడు సగం వదిలేసి లేచి పరుగెత్తేవాడట. అలాంటి గొంతు అన్నానికి పిలవడానికి పనికొచ్చిందని ఆయన లోలోపల పొంగిపోయేవాడు. తను పిలిస్తే రెండో మైలురాయి దాకా వినబడుతుందని అనేవాడు. వంట చూసే రవణమ్మ, "మైలురాయికి ఆకలెయ్యదులే అన్నా" అని ఆటపట్టించేది.

ఆ ఎండాకాలమే లాక్‌డౌన్ వచ్చిపడింది. ఎంత చిత్రం! రాత్రింబవళ్ళు హోరెత్తే రోడ్డు ఒక్కసారిగా మూగపోయింది. ఆ తరువాత దాని మీద మనుషులు నడవడం మొదలుపెట్టారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. దక్షిణాన ఎక్కడో ఇటుక బట్టీల్లో, కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళు, ఉత్తరాన ఎక్కడో ఉన్న తమ ఊళ్ళకు కాలినడకన బయలుదేరారు. ఏ ఊరి మొదట చూసినా ముళ్ళకంపలు అడ్డం వేసి ఉండేవి. కర్రలు పట్టుకున్న కుర్రవాళ్ళు "పొండి, పొండి" అని అరిచేవారు. అరిచేవాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ ఇళ్ళలోనూ ముసలివాళ్ళున్నారు, పసివాళ్ళున్నారు.

ఒకనాడు ఊళ్ళోంచి పాలుపోసే ఓబులేసు గేటు అవతలే నిలబడి, "మామా, నీ కేకలు కాస్త తగ్గించు. ఊరంతా వినబడతా ఉండాయి. బయటోడు ఒక్కడు మీ గేట్లో కాలు పెట్టాడంటే రేపట్నించి మీకు పాలు పొయ్యొద్దని పెద్దోళ్ళు చెప్పమన్నారు" అన్నాడు.

పాల మాట మాలకొండయ్యను అంత బాధపెట్టలేదు. ఆయన భయం వేరు. అమ్మకు ఎనభై దాటాయి. చలికాలం వస్తే ఆయాసం. ఆ రోగం ఊపిరినే పట్టుకుంటుందని టీవీలో చెబుతూనే ఉన్నారు. పిలిస్తే జనం వస్తారు, జనంతో రోగం వస్తుంది. పిలవకపోతే నియమం పోతుంది. ఆ రాత్రంతా దొర్లి దొర్లి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. నియమమూ పోకూడదు, రోగమూ రాకూడదు. మూడుసార్లు పిలవాలన్నారు గానీ, ఎంత గట్టిగా పిలవాలో చెప్పలేదు కదా!

అలా మొదలయింది. మొదటిరోజు గేటు దాటకుండా లోపలే నిలబడి పిలిచాడు. మూతికి గుడ్డ ఉంది, గొంతు ఎలాగూ మందంగానే వస్తుందని సరిపెట్టుకున్నాడు. మర్నాడు ఇంకొంచెం తగ్గించాడు. పోనుపోను ఆ పిలుపు ఆయనకూ గేటు గడియకూ మధ్యనే ఉండిపోయింది. రవణమ్మ చూడనే చూసింది.

"ఏందన్నా, గేటుతో గుసగుసలాడుతున్నావు?"

"గొంతు నొప్పి తల్లీ."

"అట్నా! అయితే మిరియాల కషాయం కాస్తా. మైలురాయి దాకా వినబడేదాకా తాగుదువుగాని."

నిజంగానే కాచి ఇచ్చింది. ఆ మహాతల్లి మిరియాలు తగ్గించే రకం కాదు. అబద్ధమాడినందుకు మాలకొండయ్య కళ్ళనీళ్ళు కారుస్తూ పూటకో గ్లాసు తాగాడు. తాగి, తుడుచుకుని, మళ్ళీ గడియతోనే మాట్లాడాడు. చావడిలోకి వచ్చి ఆకు ముందు కూర్చుని, "పిలిచానమ్మా. ఎవరూ రాలేదు" అనేవాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

చెంచమ్మగారిని ఆ ప్రశ్న అడిగిన రోజు మధ్యాహ్నం ఏం జరిగిందంటే, గేటు సందులోంచి చూస్తే గోడనీడన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తెగిన చెప్పుకు ప్లాస్టిక్ తాడు కట్టుకుంటున్నాడు. కట్టుకోవడం అయ్యాక మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. మాలకొండయ్య ఆ తలను చూస్తూనే మూడుసార్లు పిలిచాడు. తల లేవలేదు. లేవకుండా ఉండాలనే కదా అంత సన్నగా పిలిచింది! లోపలికి వచ్చి ఎప్పటి మాటే చెప్పి, కూర్చుని, ముద్ద కలిపాడు. అది గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగినా దిగలేదు.

మర్నాడు అన్నం వేళయింది. రవణమ్మ పప్పు దించి, ఆకులు పరిచి, "కానీయన్నా" అంది. మాలకొండయ్య గేటు దగ్గరికి వెళ్ళి సందులోంచి చూశాడు. ఆరోజు ఒకరు కాదు, ఒక కుటుంబమే కూర్చుని ఉంది. గళ్ళలుంగీ కట్టుకున్న మగమనిషి, పక్కన పాతికేళ్ళు కూడా ఉండని ఆడమనిషి, ఆమె ఒడిలో ఒక పిల్లవాడు. కాస్త ఎడంగా ఒక ముసలామె, తల మీదుగా ముఖం మీదికి కొంగు లాక్కుని, అటు తిరిగి కూర్చుని ఉంది. నలుగురు! అందులో ముసలామె కూడానా అనుకున్నాడు. గొంతు ఎన్నడూ లేనంత సన్నం చేసి, దాదాపు పెదవులతోనే మూడుసార్లూ పిలిచాడు. గేటు మీద వాలిన కాకి కూడా కదల్లేదు. ఆయన వెనుదిరిగి వచ్చేశాడు.

చావడిలో అందరూ కూర్చున్నారు గానీ చెంచమ్మగారి ఆకు ముందు ఎవరూ లేరు. కునుకు పట్టిందేమోనని కాసేపు చూశారు. రవణమ్మ గదిలోకి వెళ్ళి చూసి, "మంచం మీద లేదు" అంటూ వచ్చింది. బావి దగ్గర లేరు. పశువుల కొట్టంలో లేరు. కొట్టం వెనక దిడ్డి తలుపు మాత్రం తీసి ఉంది. అది చూడగానే మాలకొండయ్య వెనుదిరిగాడు. పరుగున వెళ్ళి గేటు గడియ లాగాడు.

గోడనీడన ఆ ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. కొంగు తీసింది. చెంచమ్మగారు!

"అమ్మా! ఈ ఎండలో, ఇక్కడ, మీరేంటమ్మా?"

"అన్నానికి పిలుస్తారని కూర్చున్నాను నాయనా."

"పిలిచానమ్మా" అన్నాడు మాలకొండయ్య. అలవాటుపడిన నోరు, ఆయన్ను అడక్కుండానే ఆ మాట అనేసింది. అన్నాక ఆయన తల ఎత్తలేకపోయాడు.

చెంచమ్మగారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆయనకు. ఆమె జరిగింది జరిగినట్టు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పారు. "వాళ్ళు ఊరికే నీడకు ఆగినవాళ్ళు. లేచి పోబోతుంటే నేనే ఉండమని సైగ చేశాను. మా ఇంట్లో పిలుస్తారు, పిలిచేవాడి గొంతు ఇంతటిదని చేతులు చాచి చూపించాను. నవ్వుకున్నారు. నీ చెప్పుల చప్పుడు వినబడగానే అందరం సర్దుకుని కూర్చున్నాం. ఆ పిల్ల కొంగు తడిపి బిడ్డ మూతి తుడిచింది."

ఆమె గేటు గడియ వైపు చూశారు.

"చెప్పుల చప్పుడు వెనక్కి పోయింది నాయనా."

మాలకొండయ్య అటూ ఇటూ చూశాడు. రోడ్డు వెంట ఉత్తరం వైపు, ఎండలో మినుకుమినుకుమంటూ, మగమనిషీ ఆడమనిషీ పోతున్నారు. పిల్లవాడు నడుస్తున్నాడు. ఇంకా అందనంత దూరమేమీ పోలేదు. ఆయన మూతిగుడ్డ లాగి పారేసి రోడ్డు నడిమికి పరుగెత్తాడు. ఇన్నాళ్ళూ మింగిన గొంతంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. "ఓయ్! ఆగండి! అన్నం తిని పోదురుగాని, రండి!" బస్టాండులో కూడా ఆయన అంత గట్టిగా అరిచి ఉండడు. రెండో మైలురాయి దాకా వినబడే ఉంటుంది.

వాళ్ళకు వినబడింది. మగమనిషి వెనక్కి తిరిగి చూశాడు. చేతులు ఊపుతూ, అరుస్తూ, తమ మీదికి వస్తున్న మనిషిని చూశాడు. దారిపొడుగునా అలాంటి అరుపులే విన్నాడు పాపం. చప్పున వంగి పిల్లవాణ్ణి భుజానికెత్తుకున్నాడు. ఆడమనిషి మూటను గుండెకు హత్తుకుంది. ఇద్దరూ పరుగు అందుకున్నారు. మాలకొండయ్య అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా పోయారు. ఆ సంగతి తెలిసి ఆయన నోరు మూసుకునే సరికి వాళ్ళు మలుపు తిరిగిపోయారు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఇంక ఎక్కడ పరుగెత్తుతాడు? రోడ్డు నడుమ నిలబడిపోయాడు. తారు వేడికి అరికాళ్ళు చుర్రుమంటేగాని చెప్పులు ఎక్కడో జారిపోయాయని తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి రవణమ్మ గేట్లో అన్నం గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ముఖం చూడకుండా గిన్నె కింద పెట్టింది.

"లోపలికి రండమ్మా. మీరైనా తినండి" అన్నాడు మాలకొండయ్య. గొంతు బొంగురుపోయింది.

"నా భోజనం అయింది."

"ఎక్కడమ్మా?"

"ఇక్కడే. నువ్వు వెనక్కి పోయాక ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. ఈ ముసలిదాన్ని ఇంట్లో ఎవరూ అన్నానికి పిలవలేదనుకుంది కాబోలు. మూట విప్పి నానబెట్టిన అటుకులు తీసింది. బిడ్డకంటే ముందు నా చేతిలో పెట్టింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు." చెంచమ్మగారు తన కుడి అరచేతిని ఒకసారి చూసుకున్నారు. "నీకు చూపిద్దామని వాళ్ళ నడక ఆపాను. వాళ్ళు తినవలసిన దాంట్లో నేను తిన్నాను. నువ్వొక్కడివే తల వంచుకోకు."

మాలకొండయ్య ఆమె పాదాల దగ్గర గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చాలాసేపు ఏడ్చాడు. కాస్త తేరుకున్నాక, చంటిపిల్లవాడు సాకు చెప్పినట్టు అన్నాడు. "చివరికి పిలిచాను కదమ్మా. గొంతు చించుకుని పిలిచాను. అన్నానికి రమ్మంటే తరుముతున్నాననుకున్నారు. వాళ్ళకు మన మాట రాదు, నేనేం చెయ్యను?"

చెంచమ్మగారు లేవడానికి ఆయన భుజం మీద చెయ్యి వేసి, రోడ్డు మలుపు వైపు చూస్తూ అన్నారు.

"ఆ పిల్లకూ మన మాట రాదు నాయనా. తినమంటే నాకు తెలిసింది."