కొండముచ్చు కాటుక

నల్లకొండ అడవిలో జింకలు, కుందేళ్లు, నక్కలు, ఓ ముళ్లపంది, ఓ గుడ్లగూబ ఉండేవి. అందరికీ కాటుక పెట్టే పని కొండముచ్చు మసియ్యది.

ఆ ఏడు వానలు వెలిసేసరికి అడవిలో కండ్లకలక మొదలైంది. కళ్లు ఎర్రబడ్డాయి, పుసులు కట్టాయి. జింక చుక్కమ్మ కూనకైతే పొద్దున్నే రెప్పలు విడలేదు. "అమ్మా, ఇంకా తెల్లారలేదా?" అని అడిగింది.

అసలే చుక్కమ్మకు అనుమానం ఎక్కువ. ఎవరైనా పలకరిస్తే, ఎందుకు పలకరించారా అని ఆరా తీసే రకం. ఇప్పుడు చెట్టు మీది గుడ్లగూబను చూసింది. ఆ గుండ్రటి కళ్లలో ఎరుపన్నదే లేదు.

"దాని చూపు తగిలే మనకు ఈ కలక వచ్చింది. లేకపోతే దాని కళ్లు మాత్రం ఎలా బాగున్నాయి?" అని అందరితో అంది.

"దిష్టి అన్నమాట. నా కాటుక ఉండగా భయమేంటి?" అన్నాడు మసియ్య, ఛాతీ విరుచుకుని. పుసికళ్లు తుడిచిన వేలితోనే వరుసగా తన దగ్గరికి వచ్చినవాళ్లందరికీ కాటుక దిద్దాడు. మర్నాటికి కళ్లు బాగున్నవాళ్లకీ కలక వచ్చింది. అందరూ గూబ మీద మండిపడ్డారు. మసియ్య ఇంకా దట్టంగా దిద్దాడు.

చుక్కమ్మ ఉండబట్టలేక చెట్టు కిందికి వెళ్లింది. "నువ్వు అడవి విడిచి పో. నా బిడ్డ చూపు పోయేలా ఉంది."

"పోతాలే. నాకు కాక ఇంకెవరికి రాలేదో చెప్పు," అంది గూబ.

"ముళ్లపందికి." అంటూనే చుక్కమ్మకు దాని మీదా అనుమానం పుట్టింది. "ఓహో, మీరిద్దరూ కుమ్మక్కయ్యారా?"

"దాని ముళ్లకు జడిసి మసియ్య దగ్గరికి పోడు. నన్నేమో అపశకునమని మీరు రానివ్వరు. మా ఇద్దరికీ లేనిదీ, మీ అందరికీ ఉన్నదీ ఏంటమ్మా?"

దగ్గరుండి మరీ బిడ్డకు మసియ్య వేలితో కాటుక పెట్టించింది చుక్కమ్మే. సిగ్గుతో తల దించుకుంది.

ఆ రోజు నుంచి కూనను విడిగా పడుకోబెట్టింది. పారే నీటితో, ప్రతిసారీ కొత్త ఆకుతో కళ్లు తుడిచి, తర్వాత తన కాళ్లు కడుక్కునేది. ఏటి ఒడ్డున ఉండే తాబేలు వైద్యుడిచ్చిన మందు చుక్కలు వేసింది. కొన్నాళ్లకు కూన కళ్లు తేటపడ్డాయి. అది చూసి మిగతావాళ్లూ అలాగే చేశారు.

మసియ్య మాత్రం వినలేదు. "నా కాటుకకే వంక పెడతారా?" అని తన కళ్లకే మరింత పట్టించాడు. చివరికి ఓ కంట్లో పువ్వు పూసి చూపు పోయింది. ఇప్పుడు దూకే ముందు గుడ్లగూబనే బతిమాలుకుంటాడు, "పిన్నీ, ఆ కొమ్మ ఎంత దూరంలో ఉందో కాస్త చూసి చెప్పవూ?" అని.

నీతి: ఎదుటివారి చూపును అనుమానించే ముందు, మన చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.