తవిటమ్మ ఇననేదు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పెద్ద మేనత్త గున్నమ్మ. ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది. ఆ అవ్వ తవిటమ్మ పక్కన కూర్చుని చాప అల్లడం నేర్చుకున్న మనిషి. కథ చేతులు మారింది గానీ మాట మారలేదు. హరికథల సింహాచలం ఇదే కథను తిరగేసి చెప్పి, జనాన్ని నవ్వించి, శాలువా కప్పించుకున్నాడు. ఆ రోజు నుంచి అతని గుమ్మం నేను తొక్కలేదు. అతను పోయిన రోజున కూడా తొక్కలేదు. ఏం తిరగేశాడో ఆఖర్న చెప్తాను. ముందు ఉన్నది ఉన్నట్టు వినండి.

అప్పటికి మన కొండకింకా ఎవరూ పేరు పెట్టలేదు. ఏరు ఇప్పుడున్న చోట పారేది కాదు. అమ్మవారికి గుడి లేదు, వేపచెట్టు కింద ఒట్టి రాయిగా ఎండకెండి వానకు తడిసేది. ఆ రోజుల్లో ఊటవలస అని ఒక ఊరు ఉండేది.

ఊళ్లో మూడే వీధులు. పెద్దవీధిలో నాయుళ్లు. నడివీధిలో గానుగ ఆడేవాళ్లు, కుండలు చేసేవాళ్లు. చివరివీధిలో తుంగచాపలు అల్లేవాళ్లు.

ఊరి చావిడిలో అయిదుగురు పెద్దలు కూర్చునేవారు. ఎవరి దూడ ఎవరి మడి మేసింది, కాలవ పూడిక ఎవరు తియ్యాలి, ఎవరి కంచె వీధిలోకి జరిగింది, అమ్మవారి పండగ ఏ వారం చెయ్యాలి. ఇవే వాళ్ల తగువులు. పొద్దున్న మొదలెట్టి, ఎండెక్కేలోగా తేల్చి, చాపలు చుట్టేసి లేచేవారు.

అయితే చావిడిలో తేలినంత మాత్రాన మాట కట్టుబాటు అయిపోదు. తలారి డప్పు తగిలించుకుని మూడు వీధులూ తిరగాలి. ప్రతి వీధికీ మొదట్లో ఒక మూలిల్లు ఉండేది. అక్కడ నిలబడి డప్పు కొట్టి, పెద్దల మాట చాటి, "ఇన్నారా?" అని అడగాలి. మూలింటివాళ్లు "ఇన్నాం" అనాలి. మూడు వీధులూ ఇన్నాం అంటేనే కట్టు. ఒక్క వీధి అనకపోయినా మాట మళ్లీ చావిడికి పోవలసిందే. మూలింటివాళ్లకు చెవుడొస్తే ఆ పని పక్కింటికి పోతుంది.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఏనాడూ ఎవరూ అననంది లేదు గనక పద్ధతి ఉందనే మరిచిపోయారు. ఒకడు పళ్లు తోముకుంటూ ఇన్నాం అనేవాడు. ఒకావిడ బియ్యం చెరుగుతూ ఇన్నాం అనేది. నడివీధి గానుగ రాములైతే ఎద్దును కూడా ఆపేవాడు కాడు.

చివరివీధి మూలిల్లు తవిటమ్మది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. ఈ బిడ్డయినా దక్కాలని వాళ్లమ్మ చేటలో పెట్టి, పొరుగావిడకు గుప్పెడు తవుడుకి అమ్మేసి, మళ్లీ తెచ్చి పెంచుకుంది. అమ్ముడుపోయిన బిడ్డను చావు అడగదని వాళ్ల నమ్మకం. అందుకే ఆ పేరు. పెనిమిటి ఉన్నన్నాళ్లూ అతనే ఇన్నాం అనేవాడు. అతను పోయాక ఆమె అనేది. బక్క మనిషి. పిల్లాజెల్లా లేదు. చేతుల నిండా తుంగ కోసిన గీతలు.

ఊరికి పడమట తుంగపర్ర ఉండేది. ఏడాదంతా కాళ్లు దిగబడే నేల. దున్నడానికి పనికిరాదని ఎవరూ అడగలేదు, ఎవరికీ ఎవరూ రాసివ్వలేదు. వానలు వెనకబట్టాక చివరివీధంతా కొడవళ్లతో దిగి తుంగ కోసుకునేది. ఆ తుంగే వాళ్ల కూడు. చావిడిలో పెద్దలు కూర్చునే చాపలు కూడా ఆ తుంగవే. ఏటా కొత్త తుంగ ఆరగానే మొదటి చాప తవిటమ్మ అల్లి చావిడికి ఇచ్చేది. అడిగించుకునేది కాదు.

పెద్దల్లో పెద్ద గౌరునాయుడు. ఆయన మడి పర్రను ఆనుకుని ఉండేది. ఏటా ఒక సాలు ముందుకు దున్నేవాడు. సాలుతో పాటు ఆశ కూడా ముందుకు నడిచింది. పర్రకు గండి కొట్టి నీరు దించేస్తే ఎంత మడి అవుతుందో అని రోజూ గట్టున నిలబడి చూసుకునేవాడు. ఒకనాడు చావిడిలో మాట పెట్టాడు. పర్ర తనది, ఇకమీదట తుంగ మీద ఎవరూ కొడవలి వెయ్యకూడదు, అని. మిగతా నలుగురిలో ఒకడు ఆయన వియ్యంకుడు. ఒకడి ఎద్దు చచ్చి నాయుడి ఎద్దుతో దున్నుకుంటున్నాడు. ఒకడికి ఎవరేమన్నా తల ఊపడం అలవాటు. నాలుగోవాడు కూర్మయ్య, అందరికంటే ముసలి, ఆ సమయానికి కునుకు తీస్తున్నాడు. మాట తేలిపోయింది.

తలారి పైడయ్య డప్పు తగిలించుకున్నాడు. పెద్దవీధి ఇన్నాం అంది. నడివీధి ఇన్నాం అంది. గానుగ రాములు ఎద్దును ఆపలేదు.

చివరివీధికి వచ్చాడు. తవిటమ్మ వాకిట్లో మేకులకు గోగునార తాళ్లు బిగించి, తుంగ ఒక్కొక్క పుల్లే దూర్చి, కర్రతో దగ్గరికి కొడుతోంది. పైడయ్య డప్పు కొట్టాడు. మాట చాటాడు. ఇన్నారా అని అడిగాడు.

తవిటమ్మ తలెత్తలేదు. చేతిలో తుంగ ఆగలేదు.

వినపడలేదేమో అనుకుని పైడయ్య ఇంకా గట్టిగా కొట్టాడు. కాకులు లేచిపోయాయి.

"డప్పు దించరా పైడా," అంది తవిటమ్మ. "తోలు సిరిగిపోద్ది. నా సెవులు బాగానే ఉన్నాయి."

"మరి ఇన్నాం అనప్పా."

"అనను."

పైడయ్య డప్పు దించాడు. తాతల నాటి నుంచి ఎవరూ అనకుండా లేరనీ, అనకపోతే ఏమవుతుందో తనకే తెలీదనీ బతిమాలాడు. తన పిల్లల మీద ఒట్టు పెట్టాడు. ఆమె పుల్ల దూర్చింది, కర్రతో కొట్టింది.

"నానేటని సెప్పాలప్పా అక్కడ?"

"సివరీధి ఇన్నాం అననేదని సెప్పు. నీకు తోసింది కలపకు."

పైడయ్య వెళ్లి అదే చెప్పాడు. గౌరునాయుడు నవ్వేశాడు. ముసలిదానికి చెవుడొచ్చింది, అంతే, అన్నాడు. వియ్యంకుడు చెవుడే అన్నాడు. తల ఊపేవాడు ఊపాడు. సాయంత్రానికి ఊరంతా తవిటమ్మకు చెవుడట అనుకున్నారు. ఈ మాట మొదట పుట్టింది ఎవరి నోట్లోనో గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేదు.

అయితే ఊరికే అనుకుంటే చాలదు. ఆమె తన నోటితో ఒప్పుకోవాలి. రెండోసారి నాయుడే స్వయంగా వచ్చాడు. పెద్దవీధి మనిషి వాకిట్లోకి వస్తే చాప పరవడం చివరివీధి మర్యాద. ఆమె పరవలేదు. ఆయన నిలబడే మాట్లాడాడు. తేనె పూసినట్టు మాట్లాడాడు. చెవుడని ఒప్పుకుంటే నింద ఉండదన్నాడు. పక్కింటి ఎండయ్య ఇన్నాం అంటాడు, నీకేం సంబంధం లేదు, అన్నాడు. బతికున్నన్నాళ్లూ పర్రలో తుంగ కోసుకోనిస్తానన్నాడు.

తవిటమ్మ తలెత్తలేదు. చేతిలో తుంగ ఆగలేదు.

"నా ఒక్కదానికేనా బాబూ?"

"నీ ఒక్కదానికే."

"మిగతావోలు?"

"వాళ్లకు కాళ్లూ చేతులూ ఉన్నాయి. వేరే పని చూసుకుంటారు."

అప్పుడు కర్ర పక్కన పెట్టింది. పెట్టి అంది కదా: "నాయుడుబాబూ, నన్ను ఓపాలి తవుడుకి అమ్మీసినారు. అప్పుడు పసిగుడ్డుని, కాదననేకపోనాను. రెండోపాలి అమ్ముడుపోను."

నాయుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మూడోసారి అయిదుగురు పెద్దలూ కలిసి వచ్చారు. పైడయ్యను తెచ్చారు. ఊరు ఊరంతా వెనకే వచ్చింది. ఆమెకు చెవుడని అందరి ముందూ చాటేసి, పక్కింటి ఎండయ్య చేత ఇన్నాం అనిపించాలని వచ్చారు. ఎండయ్యకు నాయుడంటే హడలు. ఆ ఏడు అతని ఇంటి దూలం నాయుడి తోటలోంచే వచ్చింది. గడపలో నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

తవిటమ్మ పెద్దలకు వీపు పెట్టి కూర్చుంది. డప్పు మోగింది. తలెత్తలేదు. చేతిలో తుంగ ఆగలేదు.

"చూశారుగా," అన్నాడు నాయుడు ఊరితో. "డప్పుకే తిరగలేదు. ఇది చెవుడు కాక ఏమిటి? ఎండయ్యా, ఇకనుంచి నీదే మూలిల్లు. ఇన్నావా?"

ఎండయ్య నోరు తెరిచాడు. తవిటమ్మ వీపు వైపు చూశాడు. నాయుడు వియ్యంకుడి వైపు ఒంగి, చెవిలో చెప్పినట్టు, వాడి చేత తొందరగా అనిపించు, ఎండ ముదిరిపోతోంది, అన్నాడు.

అటు తిరిగి కూర్చున్న తవిటమ్మ, తిరగకుండానే అంది:

"ఎండ ముదిరితే కూకోండి బాబూ. సాప నేదు గానీ నేల ఉంది. పర్ర మీదైపోనాక ఊరందరికీ అదేకదా."

మొదట నడివీధివాళ్లు నవ్వారు. తర్వాత చివరివీధి నవ్వింది. ఆఖరికి పెద్దవీధి ఆడవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. గానుగ రాములు మాత్రం నవ్వలేదు. తల దించుకున్నాడు. ఎండయ్య తెరిచిన నోరు మూసేశాడు. ముసలి కూర్మయ్య కర్ర ఆనించి, ఉత్త మట్టిలో చతికిలబడ్డాడు.

"నాయుడూ," అన్నాడు. "దీనికి సెవుడని నాను మరి అననేను. ఆరోజు కునుకులో అనీసినానేమో. ఇప్పుడు మెలకువగానే ఉన్నాను."

పెద్దలు ఎలా వచ్చారో అలాగే వెళ్లారు.

నాయుడు అంతటితో ఊరుకున్నాడా? ఊరుకోలేదు. పెద్దవీధిలో ఎవరూ తవిటమ్మ చాప కొనకూడదన్నాడు. ఆమె చాపలు నెత్తిన పెట్టుకుని కొండ దాటి అవతలి సంతకు పోయేది. కాలవ నీళ్లు చివరివీధికి ఆఖర్న వదిలించాడు. వాళ్లు ఆఖర్నే పట్టుకున్నారు. ఏటా తుంగ కోతకు ముందు డప్పు పంపించాడు. ఏటా డప్పు మోగింది. ఏటా తవిటమ్మ తలెత్తలేదు. తలారి జుట్టు తెల్లబడింది. నాయుడి నడుం వంగింది. ఆమె మాట వంగలేదు.

చావిడికి కొత్త చాప కూడా ఇవ్వలేదు. చెవుడన్న మాట వెనక్కి తీసుకుంటే ఇస్తానంది. ఆయన తీసుకోలేదు. ఆమె ఇవ్వలేదు. పాత చాపలు పీలికలయ్యాయి. ఆఖరికి పెద్దలు ఉత్త నేల మీద కూర్చుని పంచెలకు మట్టి పూసుకుంటూ దూడల తగువులు తీర్చారు.

ఒక ఏడు తుంగ ఆరుతుండగా, చాప సగంలో ఉండగా, తవిటమ్మ మేకుల మీదికి ఒరిగిపోయింది. చేతిలో తుంగ అప్పుడే ఆగింది.

చితి బూడిద ఇంకా చల్లారలేదు. గౌరునాయుడు డప్పు పంపించాడు. మూలిల్లు ఖాళీ అయింది, ఇక ఎండయ్యదే మాట, అన్నాడు. ఎండయ్య ఎలాంటివాడో ఆయనకు తెలుసు.

పైడయ్య వచ్చాడు. తవిటమ్మ వాకిట్లో మేకులు అలాగే ఉన్నాయి. సగం చాప ముందు ఎండయ్య కూర్చుని ఉన్నాడు. పుల్ల దూరుస్తున్నాడు, కర్రతో కొడుతున్నాడు. పైడయ్య డప్పు కొట్టాడు. ఇన్నారా అని అడిగాడు.

ఎండయ్య తలెత్తలేదు. చేతిలో తుంగ ఆగలేదు.

"తవిటప్ప ఇననేదు," అన్నాడు.

పక్కిల్లు అదే మాట అంది. ఆ పక్కిల్లు అదే మాట అంది. వీధి చివరిదాకా ఇల్లిల్లూ అదే అంది. పైడయ్య డప్పు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని చావిడికి పోయాడు.

"చచ్చినది ఎలా ఇంటుందిరా?" అని నాయుడు మండిపడ్డాడు.

"అదే బాబూ," అన్నాడు పైడయ్య. "ఇనీదాకా ఆగాల."

ఇప్పటికీ ఆగుతున్నారు. పర్ర ఇప్పటికీ పర్రగానే ఉంది. ఊటవలసకు పంచాయతీ ఆఫీసు వచ్చింది, మైకు వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అయినా గ్రామసభలో ఏ తీర్మానమైనా చివరివీధి మూలింటి దగ్గర ఇంకోసారి చదవాలి. సర్పంచి ఏ పార్టీవాడైనా సరే, చెప్పులు విడిచి మట్టి మీద నిలబడి చదవాలి. అక్కడ కుర్చీ వెయ్యరు, చాప పరవరు. నచ్చితే ఇన్నాం అంటారు. నచ్చకపోతే కేకలుండవు, తిట్లుండవు. ఎవరో ఒక ముసలమ్మ పని చేసుకుంటూనే, తవిటమ్మ ఇననేదు, అంటుంది. కాగితం మడుచుకుని పోవలసిందే. మొన్న ఊరి చెత్తంతా పర్ర గట్టున పోయిస్తామన్న తీర్మానం అలాగే పోయింది. చంటిపిల్లలు కూడా స్నానానికి పిలిస్తే తవిటమ్మ ఇననేదని పరిగెడతారు. వాళ్లను కొట్టకూడదు.

ఇక సింహాచలం సంగతి. అతను హరికథలో తవిటమ్మను చెవిటిదాన్ని చేశాడు. డప్పుకు బదులు పప్పు అనుకుందని చెప్పి నవ్వించాడు. అది చాలక, నాయుడి మునిమనవలు పర్ర గట్టున రాయి పాతారు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. ఆ రాయి ముందు ఒక పూట నిలబడి కూడబలుక్కున్నాను. పర్రను గౌరునాయుడుగారు దయతో ఊరికి విడిచిపెట్టారట. ఆ కాలంలో చెవిటి తవిటమ్మ అనే చాపలామె ఉండేదట.

నా చేతులు ఉలి పట్టలేవు. ఇది విన్నవాళ్లలో పట్టగలవాళ్లు ఎవరైనా ఉంటే ఆ రాయి సరిచెయ్యండి. దయ అన్నది చెక్కేయండి. దానికంటే ముందు చెవిటి అన్నది చెక్కేయండి. ఆమెకు అంతా వినపడింది. వినపడే, ఇన్నాం అనలేదు. అది రాయండి.