దేవుడి ఎద్దును బందెలదొడ్డిలో పెట్టిన ఓబులమ్మ

అనగనగా అంటే ఎంత పాతదో మీకు తెలుసు. ఈ కథ అంతకంటే ఇంకో తరం పాతది. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది. ఆ అవ్వకు ఎవరు చెప్పినారో నన్నడగొద్దు, నాకు తెలీదు. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, ఆవలించేవాళ్లు అటు తిరిగి ఆవలించండి. మధ్యలో లేచి "ఏమైందవ్వా" అంటే మాత్రం మళ్లీ మొదలుపెట్టను.

గుట్ట కింద ఒక ఊరు. గుట్ట మీద మల్లన్న దేవుడు. ఊరి చివర ఒక బందెలదొడ్డి. పరాయి చేలో పడి మేసిన గొడ్డును తోలుకొచ్చి మూసిపెట్టే దొడ్డి అది. చుట్టూ రాతిగోడ, ముందర కొయ్య తలుపు, తలుపుకు ఒక గడియ. ఆ గడియ ఓబులమ్మ చేతిలో ఉండేది. ఆమెకు మొగుడు లేడు, పిల్లల్లేరు. దొడ్డి గోడకు ఆనుకొని ఒక గుడిసె, రెండు కుండలు, ఒక బక్కావు. అంతే ఆమె సంసారం.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి గొడ్డు కంచె తెంచుకొని చేలో పడిందో, ఆ గొడ్డుగలాయన పోయి తన చేత్తో ఆ కంచె మళ్లీ కట్టాల. జీతగాణ్ణి పంపిస్తే కుదరదు. తుమ్మముల్లు తన చేతికే గుచ్చుకోవాల. కట్టి వచ్చి చెప్పినాకే ఓబులమ్మ గడియ తీస్తుంది.

అది ఊరి కట్టుబాటు. ఓబులమ్మకు తనదంటూ ఇంకొకటి ఉండేది. గొడ్డు లోపలికి రాగానే ముందు మేత వేసేది. తర్వాత కుడితి పెట్టేది. గిట్టల్లో ముల్లుంటే తీసేది, చెవుల్లో నెత్తురు తాగే గోమార్లుంటే ఏరేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"సిగ్గుండాల్నే నీకు! ఇంటికాడ గడ్డి లేదా? పరాయోడి పైరే తియ్యగుందా? తిను, తిను, ఆ చూపులేంది? తినకుంటే ఎట్లా బతుకుతావు?"

తిడతా తిడతానే గంగడోలు నిమిరేది. ఎవరన్నా నవ్వితే వాళ్లనూ తిట్టేది. ఎవరు వచ్చి "తలుపు తీయమ్మా" అన్నా ఆమెది ఒకటే మాట: "మేత ముందు. గడియ తర్వాత. కంచె కట్టినాకే విడుపు."

ఒకసారి ఊరి పెద్ద కాశిరెడ్డి కాడెద్దులు పడినాయి పరాయి చేలో. దున్నే కాలం. రెడ్డి మీసం మెలేస్తా వచ్చి, "ఓబులమ్మా, నాకే కట్టుబాటు చెబుతావా?" అన్నాడు.

"నీ ఎద్దులకు మేత వేసినా రెడ్డీ, కడుపు నిండా. నీక్కూడా అంబలి ఉంది, తాగి పో. కంచె కట్టినాకే విడుపు" అనింది.

రెడ్డి అంబలి తాగలేదు గానీ కంచె కట్టినాడు. వేళ్లనిండా ముళ్లు. వారం పాటు ముద్ద కలుపుకోలేక రెడ్డమ్మ చేత తినిపించుకున్నాడంట. ఊరు ఊరంతా చాటుగా నవ్వింది.

ఇంకోసారి ఓబులమ్మ బక్కావే పడింది. పక్కచేను ఆయన "పోనీలేమ్మా, నాలుగు పరకలు తినింది, అంతేగా" అన్నాడు. ఆమె వినలేదు. తన ఆవును తనే దొడ్డిలో పెట్టింది, తన ఆవును తనే తిట్టింది, ఎర్రటి ఎండలో పోయి కంచె కట్టొచ్చింది. అప్పుడే గడియ తీసింది.

మూడోసారి పడింది చూడండీ, అదీ కథ!

ఆ ఊరివాళ్లు మల్లన్నకు మొక్కుకొని ఒక కోడెదూడను అచ్చుపోసి వదిలినారు. తొడ మీద శూలం ముద్ర. దేవుడి ఎద్దు కదా, ముక్కుతాడు లేదు, పలుపు లేదు, అదిలించేవాళ్లు లేరు. తిని తిని కొండంత అయింది. ఏ చేలో పడినా జనం దండం పెట్టి "మల్లన్న తిన్నాడు" అనుకొనేవాళ్లు. పెద్ద చేలవాళ్లకు ఏం పోయింది, ఒక మూల తింటే ఇంకో మూల మిగుల్తుంది.

గుట్ట వాలులో తిరుపాలు అనేవాడికి గొంగడి పరిచేంత చేను ఉండేది. కొర్ర వేసినాడు. పెళ్లాం, ముగ్గురు పిల్లలు, ఆ కొర్రే వాళ్లకు ఏడాది కూడు. వానలు సరిగ్గా లేని ఏడు. ఎద్దు కంచె తెంచుకొని ఒక రోజు వచ్చి తినింది. తిరుపాలు దండం పెట్టినాడు. మళ్లీ వచ్చి తినింది. మళ్లీ దండం పెట్టినాడు. మూడోసారి వచ్చి సగం చేను నేలమట్టం చేసింది.

తిరుపాలు గుడి పూజారి శరభయ్య కాడికి పోతే, "నీది ఎంత పుణ్యం రా! దేవుడు ఏరి కోరి నీ చేనికే వస్తున్నాడు" అన్నాడు. పుణ్యం ఉడకేస్తే ముద్ద అవుతుందా చెప్పండి!

తిరుపాలు ఓబులమ్మ గుడిసె ముందర కూలబడినాడు.

"పెద్దమ్మా, నేను దేవుడి మీద చాడీ చెప్పడానికి రాలేదు. మిగిలిన సగం కూడా పోతే పిల్లల్ని తీసుకొని ఊరు విడిచి పోవాల. పోయేముందు నీకొక మాట చెప్పి పోదామని."

ఓబులమ్మ లోపలికి పోయి, బక్కావు కోసం దాచిన పచ్చి జొన్నచొప్ప చంకలో పెట్టుకొని నడిచింది. ఎద్దు గుట్ట కింద నిలబడి ఉంది. "రా నాయనా, రా" అని చొప్ప చూపించింది. పుట్టినప్పటినుంచీ దాన్ని ఎవరూ అట్లా పిలవలేదేమో, కుక్కపిల్ల మాదిరి వెంట వచ్చేసింది. దొడ్డిలోకి వచ్చినాక చొప్ప వేసింది, కుడితి పెట్టింది, గడియ వేసింది.

ఆ తర్వాత దగ్గరికి పోయి చూసింది. చూసి, అమ్మ అమ్మా, కళ్లనీళ్లు పెట్టుకుంది.

మెడ మడతల్లో గోమార్లు గుత్తులు గుత్తులు. వెనక గిట్టలో విరిగిన ముల్లు చీము పట్టి ఉంది. కొమ్ము మొదట్లో పుండు, పుండులో పురుగు. దేవుడి ఎద్దని ఎవరూ కొట్టలేదు, సరే. దేవుడి ఎద్దని ఎవరూ ముట్టుకోనూ లేదు. ముల్లు తీయాలంటే కాలు కట్టాల. కాలు కట్టే ధైర్యం ఎవరికుంది?

"నిన్ను తిట్టేదానికి ఒక మనిషి లేకపోయిందే నాయనా!" అని ఏడ్చింది ఓబులమ్మ. కాళ్లకు బంధం వేసి ముల్లు లాగింది. పుండు కడిగి వేపనూనె పోసింది. ఎద్దు రంకె వేసింది, తన్నబోయింది. "తన్నితే తన్ను, నేను వదలను" అనింది. అంతా అయినాక అది ఆమె భుజం మీద మూతి పెట్టి నిలబడిందంట.

ఊళ్లో గుప్పుమనింది. దేవుడి ఎద్దును బందెలదొడ్డిలో పెట్టింది! జనం ముక్కున వేలేసుకున్నారు.

ముందు కాశిరెడ్డి వచ్చినాడు. "ఓబులమ్మా, నీ మంచికే చెబుతున్నా, వదిలేయ్." ఆమె అదే మాట: "కంచె కట్టినాకే విడుపు."

మరుసటి రోజు శరభయ్య వచ్చినాడు, వెనక సగం ఊరు. "ఏమే, ఆ ఎద్దు ఎవరిదో తెలుసా?"

"తెలుసు సామీ. మల్లన్నది."

"కంచె ఎవరు కట్టాల?"

"గొడ్డుగలాయన."

"అంటే మల్లన్న వచ్చి కంపలు మోసి కంచె కట్టాల్నా?"

"రమ్మని చెప్పు సామీ. రోజూ నువ్వే కదా ఆయనతో మాట్లాడేది."

జనంలో కొందరికి నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. శరభయ్య మొహం కందగడ్డ అయింది. "దేవుడు కన్నెర్ర చేస్తే ఊరు బూడిద అవుతుంది! వాన రాదు! రేపు మిట్టమధ్యాహ్నానికి వదలకుంటే తలుపు పగలగొడతాం. నిన్ను పొలిమేర దాటిస్తాం" అన్నాడు.

"సామీ, నా ఆవు పరాయోడి నోటికాడి కూడు తింటే నాకు సిగ్గేసింది. నాకే సిగ్గేస్తే ఆయనకు వేయదా? ఆయన నాకంటే తక్కువోడా?" అనింది ఓబులమ్మ.

అనింది గానీ, అందరూ పోయినాక ఆమె భయపడలేదని చెబితే నేను అబద్ధమాడినట్టే. గడియ పట్టుకొని నిలబడి, గుట్ట వైపు చూసి, "తండ్రీ, తప్పు చేసినానేమో. చేసుంటే నన్ను కొట్టు. తిరుపాలు పిల్లల్ని మాత్రం కొట్టొద్దు" అనింది.

తిరుపాలు పరిగెత్తుకొచ్చినాడు. "నా వల్ల నీకెందుకు పెద్దమ్మా ఈ తంటా! ఆ కంచె నేనే కట్టుకుంటా, వదిలేయ్."

"నష్టపోయినోడే కంచె కట్టుకుంటే ఈ ఊళ్లో ఇంక గడియ ఎందుకురా? పో, పోయి మిగిలిన చేను కాచుకో" అని తరిమేసింది.

మరుసటి రోజు ఎండ నడినెత్తికి వస్తా ఉంది. కాశిరెడ్డి, శరభయ్య, గొడ్డళ్లు పట్టుకొని జనం దొడ్డి ముందరికి వచ్చినారు. ఓబులమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. అంతలో గుట్ట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. భుజాన గొంగడి, తెల్లమీసాలు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. రెండు చేతులా ముళ్లగీతలు. ఆయన వెనక తిరుపాలు.

"కంచె కట్టినా తల్లీ" అన్నాడు పెద్దాయన. "నా ఎద్దు ఇడిపిస్తావా?"

"పెద్దమ్మా, నిజమే!" అన్నాడు తిరుపాలు. "పొద్దుటినుంచి ఒక్కడే కట్టినాడు. నేను చెయ్యేస్తానంటే వేయనీలేదు."

ఓబులమ్మ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. అన్నాళ్ల కోపమంతా ఒక్కసారి వచ్చింది.

"నీదా ఎద్దు? ఇన్నాళ్లు యాడ పడుకున్నావయ్యా? వదిలేస్తే అయిపోయిందా? దాని గిట్ట చూసినావా? దాని మెడ చూసినావా? ముద్దు చేసినోడు అదుపులో పెట్టొద్దా? అదుపులో పెట్టనోడిదీ ఒక ముద్దేనా?"

పెద్దాయన తల వంచుకొని అంతా విన్నాడు. "తప్పే తల్లీ. నా పేరు చెప్పి అందరూ దండాలు పెట్టినారే గానీ, దాన్ని ఒక మాట అన్నోళ్లు లేరు. నువ్వే అన్నావు" అన్నాడు.

"సరే, కూర్చో. పొద్దుటినుంచి తిన్నావా?"

"లేదు."

"మేత ముందు" అనింది ఓబులమ్మ. ముంతనిండా అంబలి పోసి ఇచ్చింది. ఆయన తాగుతుంటే ఎదురుగా కూర్చొని, ఆ చేతుల్లో విరిగిన ముళ్లు ఒక్కొక్కటే తీసింది. బొటనవేలు బాగా చీరుకుపోయింది. తన చీర కొంగు చించి పసుపు అద్ది కట్టు కట్టింది. తర్వాత లేచి గడియ తీసింది.

పెద్దాయన ఎద్దు మెడ మీద చెయ్యేసి గుట్టదారి పట్టినాడు. జనం గొడ్డళ్లు పట్టుకొని అట్లే నిలబడినారు. ఎవరు ఆయన? ఏ ఊరు? కాసేపటికి తెప్పరిల్లి వెంటపడినారు. ఎర్రమట్టి అడుగులు, ఎద్దు గిట్టల గుర్తులు, రెండూ పక్కపక్కనే గుడి దాకా పోయినాయి. ఎద్దు గుడి ముందర పడుకొని నెమరేస్తా ఉంది. మనిషి లేడు. గుడి తలుపుకు శరభయ్య వేసిన తాళం వేసినట్టే ఉంది.

శరభయ్య తాళం తీసినాడు. లోపల మల్లన్న రాతివిగ్రహం. ఎప్పటి మీసాలే, ఎప్పటి శూలమే. శూలం పట్టుకున్న రాతి బొటనవేలికి పసుపు అద్దిన చీరపేలిక కట్టు!

శరభయ్య గడప మీదే కూలబడి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. కాశిరెడ్డి గొడ్డలి అక్కడే వదిలేసినాడు. కిందికొచ్చి చెబితే ఓబులమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో నా తండ్రీ, ఎన్ని తిట్టినానురా నిన్ను! ఇంకో ముంత అంబలన్నా పోయకపోతినే!"

వాన పడిందా అంటారా? ఆ రోజు పడలేదు. తర్వాత ఎప్పుడో, పడాల్సినప్పుడు మామూలుగానే పడింది. దేవుడు కట్టిన కంచె మాత్రం గట్టిగా నిలబడింది. తిరుపాలు మిగిలిన సగం చేను కోసుకున్నాడు, చాలీ చాలకుండా తిన్నారు, ఊరు విడిచి పోలేదు. ఆ ఎద్దుకు పైరున్నన్నాళ్లు ముక్కుతాడు వేసినారు. పూటకొక ఇంటివాళ్లు మేత వేసి, గోమార్లు ఏరేవాళ్లు.

ఓబులమ్మ ముసలిదై పోయినప్పుడు ఆమె పాడె ముందు కొమ్ము శరభయ్యే మోసినాడు. అడిగినోళ్లకు, "దేవుడి చేతిలో ముల్లు తీసిన చెయ్యి ఇది. నేను ఇన్నేళ్లు పువ్వులే పెట్టినా" అన్నాడంట.

ఇప్పటికీ ఆ ఊళ్లో బందెలదొడ్డి ఉంది. లోపల గొడ్లు లేవు, ఖాళీ. తిరునాళ్ల నాడు మల్లన్న పల్లకి గుట్ట దిగి నేరుగా ఊళ్లోకి రాదు. ముందు ఆ ఏడు ఊళ్లో అందరికంటే లేనివాడి చేను కాడ ఆగుతుంది. పూజారి కిందికి దిగి, తన చేత్తో మూరెడు కంచె కడతాడు. ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకున్నట్టే. తర్వాత పల్లకి బందెలదొడ్డి ముందరికి వస్తుంది. తప్పెట్లు ఆగిపోతాయి. చంకలో పిల్లలు కూడా నోరు మూసుకుంటారు.

"ఓబులమ్మా, కంచె కట్టినాం. గడియ తీ తల్లీ" అని మల్లన్న తరఫున పూజారి పిలుస్తాడు.

ఊళ్లో దిక్కూమొక్కూ లేని ముసలామె ఎవరో ఒకరు ఆ రోజు తలుపు లోపల నిలబడి ఉంటుంది. ఆమె వెంటనే గడియ తీయదు. దేవుణ్ణి తలుపు బయట నిలబెట్టి, లోపలినుంచి అడుగుతుంది:

"పొద్దుటినుంచి ఏమన్నా తిన్నావా నాయనా?"