ఆకులు దోపుకున్న చిగురి

మారేడుమిల్లి అడవిలో, ఓ మద్దిచెట్టు తొర్రలో చిగురి కాపురం. గుప్పిట్లో ఇమిడిపోయే పచ్చటి చిలుక. ఆ జాతి చిలుకలన్నీ కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ నిద్రపోతాయి. గూటికి ఆకులు తెచ్చే తీరు ఇంకా వింత. ఆకును సన్నటి పేలికలుగా చీల్చి, నడుం మీది ఎర్రటి ఈకల్లో దోపుకుని ఎగురుతాయి. దారిలో సగం రాలిపోతాయి, అది వేరే సంగతి.

ఆ ఏడు చిగురి మొదటిసారి మూడు గుడ్లు పెట్టింది. ఇక దాని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఓ ఉదయం మానుపిల్లి గవరయ్య రాత్రి వేట ముగించుకుని ఇంటికెళ్తూ, వేలాడుతున్న చిగురిని చూసి ఆగాడు.

"ఏం మరదలా, తల కిందికుంటే బుర్ర కారిపోదూ?"

"కారితే పట్టుకో బావా. నీకు అక్కరకొస్తుంది."

"పిట్ట కొంచెం, కూత ఘనం. నీ గూడెక్కడో నువ్వు చెప్పక్కర్లేదులే. నువ్వు రాల్చిన పేలికలు ఎక్కడ ఆగితే అక్కడే గుడ్లు. ఓ కునుకు తీసి, పొద్దు వాలేలోగా వస్తా."

చిగురి గబగబా తొర్రలోకి దూరింది. మొగుడు రివ్వన్న అప్పటికే గుడ్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"గుడ్లెత్తుకుని ఎక్కడికి పోతామే?"

"గుడ్లు కదలవయ్యా, పేలికలు కదులుతాయిగా. నువ్వు చాటుగా వెళ్లే జీలుగుచెట్టు చూపించు."

కల్లు గీసే బొజ్జిరెడ్డి, తాడిలాగే కల్లిచ్చే ఆ చెట్టుకి కుండ కట్టాడు. అందులో ముక్కు ముంచి రావడం రివ్వన్న రహస్యం.

"నీకెలా తెలిసిందే?"

"నువ్వు నిటారుగా నిద్రపోయిన రోజున తెలిసింది."

రివ్వన్న తలొంచుకుని చెట్టు చూపించాడు. ఇద్దరూ మద్దిచెట్టు కింద ఒక్క పేలిక మిగలకుండా ఏరారు. ఈకల్లో దోపుకుని తీసుకెళ్లి, జీలుగుచెట్టు దాకా దారంతా రాల్చారు. మిగిలినవి కుండ మూతికి అంటించారు.

పొద్దు వాలకముందే గవరయ్య పేలికల వెంటే వాసన చూసుకుంటూ వచ్చాడు. చెట్టెక్కాడు.

"కుండలో కాపురమా? తిక్క పిట్టకి తిక్క గూడు" అంటూ తల దూర్చాడు. గుడ్లు లేవు, కల్లుంది. పోనీలే అని గుటక వేశాడు. ఇంకోటి వేశాడు. కుండ ఖాళీ అయ్యేసరికి తల ఇరుక్కుపోయింది, కాళ్లు గాల్లోకి లేచాయి.

చిగురి పక్కనే వేలాడి, ఎంతో మర్యాదగా అడిగింది: "ఏం బావా, తల కిందికుంటే ఎలా ఉంది?"

కుండలోంచి గొంతు వినబడింది: "తిరుగుతోంది మరదలా."

ఈలోగా బొజ్జిరెడ్డి రానే వచ్చాడు, చెట్టెక్కాడు. "చెట్టెందుకెక్కావురా, దూడగడ్డికా?" అని కర్రతో కుండ మీద ఒక్కటిచ్చాడు. కుండ పగిలింది. గవరయ్య మెడలో కుండ మూతితోనే కిందికి దూకి పరుగు లంకించుకున్నాడు. మళ్లీ ఆ వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

మూడు గుడ్లూ పిల్లలయ్యాయి. చిగురి వాటికి తలకిందులుగా వేలాడ్డం నేర్పుతుంటే, రివ్వన్న మాత్రం పగిలిన కుండని తలుచుకుని నిట్టూర్చేవాడు.

ఎదుటివాడి తీరు చూసి నవ్వేముందు, తన తల ఎక్కడ పెడుతున్నాడో చూసుకోవాలి.