తెరిచి ఉంచిన అగ్గిపెట్టె

కూర్మారావు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "ముందు టీ తాగుదాం" అంటారు. అంటార్కిటికాలో అది మరీ ఆలస్యం. మంచు కరగాలి, నీళ్లు మరగాలి.

ఆయన దగ్గర భూగర్భశాస్త్రం నేర్చుకుంటున్న నీలవేణికి అంత ఓపిక లేదు. ఆ మధ్యాహ్నం కొండవాలులో నల్లటి బొగ్గు పొర కనిపించగానే కొలిచి, నిలబడినచోటే లెక్క కట్టేసింది.

"పదమూడు లక్షల టన్నులు సార్! ఇక్కడ తవ్వకూడదని దేశాల మధ్య ఒప్పందం ఉంది, సరే. రేపు ఆ ఒప్పందం పోతే ఇదెవరిది? ముందు చూసింది మనమే కదా?" అంటూ, మన దేశం పేరు రాసిన ఎర్రజెండా కట్టిన వెదురుకర్రను సంచిలోంచి లాగింది.

"కర్ర ఎక్కడికీ పారిపోదులే తల్లీ. టీ తాగి చెబుతాను," అన్నారాయన.

టీకి వ్యవధి లేకపోయింది. మంచు తుఫాను విరుచుకుపడింది. చాచిన చెయ్యి కూడా కనబడడం లేదు. కొండ దగ్గర గుడిసె ఒకటుందని ఆయనకు తెలుసు. ఒకసారి దాన్ని దాటిపోయి, వెనక్కి తిరిగి, తడుముకుంటూ చివరికి దాని గోడకే గుద్దుకున్నారు. తలుపు మీద ఇంకో దేశం బోర్డు: 'ఈ నేల మాది.' తాళం మాత్రం లేదు.

లోపల కిరోసిన్ పొయ్యి నిండుగా ఉంది. నీలవేణి వేళ్లు కొయ్యబారిపోయాయి. ఈ వేళ్లతో అగ్గిపెట్టె ఎలా తెరవడం అని భయపడుతూ చూస్తే, అది సగం తెరిచే ఉంది. ఒక పుల్ల బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని రెండు అరచేతుల మధ్య ఇరికించి గీసింది. ఇద్దరూ బతికారు. టీ కూడా తాగారు. బొగ్గు ఎవరిదని ఆమెకు మళ్లీ అడగాలనిపించలేదు.

పొద్దున్నకు ఆకాశం తేటపడింది. నీలవేణి గిన్నె కడిగి, పొయ్యిలో కిరోసిన్ నింపి, పుల్లను లోపలికి తోసి అగ్గిపెట్టె పద్ధతిగా మూసింది. కూర్మారావు గారు దాన్ని మళ్లీ తెరిచి, ఒక పుల్ల బయటికి లాగి పెట్టారు.

ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. బయటికొచ్చి బొగ్గు పొర వైపు ఒక చూపు చూసి, వెదురుకర్రను గుడిసె పక్కనే, దారి తప్పినవాళ్లకు దూరం నుంచి కనబడేలా పాతింది. ఎర్రగుడ్డ గాలికి టపటపలాడుతుంటే మనసు తేలికపడింది.

"ఈసారి ఇక్కడికి ఏ దేశం వాళ్లు వస్తారో సార్?"

"వేళ్లు కొయ్యబారినవాళ్లు," అన్నారు కూర్మారావు గారు.